కత్తెరయ్య పెట్టిన దిష్టిచుక్క

పోయినవారం మనం కత్తెరయ్యని సెన్సారు ఆఫీసు వరండాలో, ప్రివ్యూ థియేటర్ తలుపుకి ఎదురుగా ఉన్న చెక్కబెంచీ మీద వదిలేసి వచ్చాం. పాపం, ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. లోపల కూతురు తీసిన మొదటి సినిమా ఆడుతోంది. అందులో కూతురికి తెలియకుండా ఆయన అతికించిన ముక్క కూడా ఆడుతోంది. ఆ సంగతి తెలిసింది ఆయనకీ, మనకీ మాత్రమే.

బండి మధ్యలో ఎక్కినవారి కోసం రెండు మాటలు చెప్పుకుని కదులుదాం. కత్తెరయ్య సినిమా ఎడిటరు. బతుకంతా ఫిల్ము కత్తిరించడంలో, అతికించడంలో గడిచింది గనక పరిశ్రమలో పెద్దా చిన్నా అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. అసలు పేరు ఇంటి కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఆయన భార్య బస్సు నడిపి రిటైరైన మనిషి, ఊరంతటికీ డ్రైవరమ్మ. ఆ ఇద్దరికీ ఒక్కతే కూతురు. ఈ సినిమాకి డైరెక్టరూ తనే, నిర్మాతా తనే. కథ ఒక ఆడ బస్సు డ్రైవరుది. ఎవరి కథో వేరే చెప్పాలా!

ఆ సినిమా ప్రాణమంతా ఒక్క సీనులో ఉంది. బస్సు కిక్కిరిసి ఉంటుంది. ఇంజను పక్కన గుడ్డల్లో పడుకోబెట్టిన పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. డ్రైవరు బస్సుని రోడ్డు వారకి తీసి, హ్యాండ్‌బ్రేకు లాగి, ఇంజను ఆపేస్తుంది. భుజం మీద తువ్వాలు కప్పుకుని బిడ్డకి పాలు పడుతుంది. వెనక జనం అరుస్తారు, బయట హారన్లు మోగుతాయి. ఆవిడ ఎవరికీ జవాబు చెప్పదు. కెమెరా ఆవిడ మొహం మీదనుంచి కదలదు. బిడ్డ నిద్రపోయాక బస్సు మళ్ళీ బయల్దేరుతుంది.

ఇది డ్రైవరమ్మ బతుకులో జరిగిన సంగతే. కాకపోతే అది సినిమాలో ఉందని ఆవిడకి తెలియదు. మొదటి ఆటకి మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చూస్తానని ఆవిడ ఇంటాబయటా చాటింపు వేసి పెట్టింది. అప్పుడు తెరమీద తనను తాను చూసుకుని మురిసిపోవాలని తండ్రీకూతుళ్ళ ఆశ. సర్టిఫికెట్ మీద ‘పెద్దలకు మాత్రమే’ అని పడిందంటే, ఆ మనవరాలు హాలు గేటు దాటలేదు.

ఆ భయంతోనే కత్తెరయ్య దిష్టిచుక్క పెట్టాడు. ఆ విద్య ఆయనకి గురువుగారు నేర్పింది. “సెన్సారువాళ్ళూ మనుషులేరా,” అనేవాడు ఆ మహానుభావుడు. “చీకట్లో కూర్చుని రెండు గంటలు కళ్ళు చించుకుని చూస్తారు. ఏదో ఒకటి తీయించకపోతే పని చేసినట్టుండదు వాళ్ళకి. తీయడానికంటూ మనమే ఒకటి పెట్టాలి. పసిదాని బుగ్గన నల్లచుక్క పెట్టడంలా? చూపంతా దాని మీద పడుతుంది, పిల్ల చల్లగా ఉంటుంది.” కత్తెరయ్య ఆ మాటని వేదంలా పాటించాడు. తను ప్రేమగా కూర్చిన సీను మీద ఇంతవరకూ ఏ ఆఫీసరూ చెయ్యి వెయ్యలేదని ఆయనకి చెప్పలేనంత గర్వం.

ఈసారి ఆయన వాడిన చుక్క బస్టాండులో తాగుబోతుల గొడవ. ఒకడు సీసా పగలగొట్టి ఇంకొకడి నెత్తిన కొడతాడు, బొటబొటా రక్తం. కూతురే తీసింది. తీసి, చూసుకుని, “ఛీ, ఇది నా సినిమా కాదు నాన్నా,” అని అవతల పారేసింది. ఆయన దాన్ని ఏరుకొచ్చి, సరిగ్గా పాల సీనుకి ముందు అతికించాడు.

ఇక అక్కణ్ణుంచి ఈ వారం కథ.

లోపల బల్ల మీద గంట మోగింది. అటెండరు తలుపు తీసి, “అప్లికెంటు గారూ, రండి. ఎడిటర్ గారు కూడా రావచ్చట,” అన్నాడు.

కూతురు ముందు నడిచింది. కత్తెరయ్య చెప్పులు వెతుక్కుని వెనక నడిచాడు. థియేటర్లో దీపాలు వెలిగాయి. తెర ముందు పొడుగు బల్ల, దాని వెనక ఆఫీసరూ, నలుగురు మెంబర్లూ. ఒక్కొక్కరి ముందూ చీకట్లో రాసుకోవడానికి చిన్న దీపం ఉంది, ఎవరి అభిప్రాయం వాళ్ళు విడిగా రాసి బోర్లించిన కాగితం ఉంది. ఒకరు రాసింది ఇంకొకరు చూడకముందే అందరూ రాసెయ్యాలి, అది అక్కడి పద్ధతి.

ఆఫీసరు సన్నగా, పొడుగ్గా ఉంటాడు. కళ్ళజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది.

“కూర్చోండమ్మా. మంచినీళ్ళు తాగుతారా?”

ఈ ఆఫీసరు మంచినీళ్ళు తాగుతారా అని అడిగాడంటే వెనక ఏదో చేదుమాత్ర ఉందని పరిశ్రమలో పసిపిల్లాడికి కూడా తెలుసు.

“సినిమా బాగుంది. అందరికీ నచ్చింది,” అన్నాడు ఆఫీసరు.

“నచ్చడం ఏంటండీ!” అందుకున్నాడు ఆయన కుడిపక్కన కూర్చున్న లెక్చరరు. మంచి మనిషి, మాటకారి, క్లాసులో గంట కొట్టినా ఆపని రకం. “ఆ బస్టాండు గొడవ ఉంది చూశారూ, ఎంత సహజంగా తీశారమ్మా! సీసా పగిలితే నేను ఉలిక్కిపడ్డాను. రక్తం కాస్త ఎక్కువే, కాదనను. అయినా సమాజంలో ఉన్నదేగా. దాని మీద ఎవరం అభ్యంతరం రాయలేదు.”

కత్తెరయ్య చెవులని తనే నమ్మలేకపోయాడు. దిష్టిచుక్కని చూసి, ఆహా చుక్క ఎంత ముద్దుగా ఉందో అన్నవాళ్ళు ఆయన సర్వీసులో ఎవరూ లేరు.

“ఏ గొడవండీ?” అంది కూతురు.

లెక్చరరు ఆ మాట వినిపించుకోలేదు. “ఇబ్బందల్లా ఒక్కటే. ఆ పక్కనే వచ్చే పాలిచ్చే సీను.”

“అక్కడ మాత్రం మేం రెండుగా చీలాం,” అన్నాడు ఆఫీసరు. “ఇద్దరు ఉంచమన్నారు, ఇద్దరు వద్దన్నారు. అది తీసేస్తే ‘అందరూ చూడొచ్చు’ అని సర్టిఫికెట్ ఇవాళే రాసిస్తాను. ఉంచుతానంటే ‘పెద్దలకు మాత్రమే’. ఆలోచించుకోండి.”

“దాని గురించి మాట్లాడతానండి. ముందు నాకు ఆ గొడవ సంగతి చెప్పండి,” అంది కూతురు. “నా సినిమాలో సీసా గొడవ లేదు.”

బల్ల వెనక అయిదుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆఫీసరు కళ్ళజోడు ముక్కు మీదకి దించి, ముందున్న స్క్రిప్టు తిరగేశాడు.

“నిజమే, మీరిచ్చిన స్క్రిప్టులో లేదు. తెరమీద ఉంది. షూటింగులో అప్పటికప్పుడు అనుకుని తీసుంటారు, రాయడం మర్చిపోయుంటారు. మామూలే. ఒక ముక్క రాసి సంతకం పెట్టండి, సరిపోతుంది.”

తలుపు బార్లా తెరిచి రమ్మంటున్నాడు ఆఫీసరు. అడుగుపెడితే చాలు, ఎవరికీ ఏ బాధా లేదు. కూతురు మెల్లిగా తల తిప్పి తండ్రి వైపు చూసింది. చూసిన క్షణంలోనే ఆమెకి అంతా అర్థమైందని ఆయనకీ అర్థమైంది. చిన్నప్పుడు అమ్మాయి లెక్క తప్పు చేసి పలక దాచుకుంటే తను ఎలా చూసేవాడో, ఇప్పుడు అదే చూపు ఆయన మీదకి తిరిగొచ్చింది.

“ఆ షాటు నేను తీసిందేనండి,” అందామె ఆఫీసరుతో. “కానీ సినిమాలోంచి నేనే తీసి పారేశాను. నాది కానిదానికి నాదేనని సంతకం పెట్టను.”

“మరి ఎలా వచ్చింది?”

కూతురు తండ్రిని వేలెత్తి చూపించే పిల్ల కాదు. ఆ సంగతి తెలిసే కత్తెరయ్య కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

“నేను పెట్టానండి. అమ్మాయికి తెలీదు.”

“ఎందుకు?”

“మీరు తీసెయ్యడానికి.”

ఇక దాచేదేముంది! దిష్టిచుక్క విద్య మొత్తం, గురువుగారి మాటతో సహా, ఆ బల్ల ముందు ఏకరువు పెట్టేశాడు. తరతరాలుగా ఎడిటింగ్ గదుల గుమ్మం దాటని రహస్యం అలా సెన్సారు ఆఫీసులోనే బట్టబయలైంది.

లెక్చరరు మొహం కందగడ్డయింది. “అంటే మమ్మల్ని బురిడీ కొట్టిద్దామనా? పైగా నేను దాన్ని మెచ్చుకున్నాను కూడానూ!”

ఆఫీసరు మాత్రం ఎటో చూస్తున్నాడు. ఏదో గుర్తొస్తున్నట్టుంది. “ఒక్క నిమిషం. ఆ పాముల సినిమా మీరే ఎడిట్ చేశారు కదూ? అందులో హీరో పామునోట్లో తల పెట్టే సీను... నేను పట్టుబట్టి తీయించాను. పై ఆఫీసరు కూడా మెచ్చుకున్నాడు నన్ను.”

కత్తెరయ్య తల గోక్కున్నాడు. “అది మీకోసమే పెట్టామండి.”

ఎడమ చివర కూర్చున్న పిల్లల డాక్టరు, నడివయసు ఆవిడ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగక భుజాలు కదిలిపోయాయి. మిగతా ఇద్దరు మెంబర్లూ కాగితాల్లో తలలు దూర్చారు.

ఆఫీసరు నవ్వలేదు. “సరదాగా ఉంది గాని, ఇది సరదా విషయం కాదు. ఇచ్చిన స్క్రిప్టు ఒకటి, చూపించిన సినిమా ఇంకొకటి. అప్లికేషన్ మొత్తం తిప్పి పంపడానికి ఇది చాలు నాకు. మళ్ళీ మొదట్నుంచీ వరసలో నిలబడాలి మీరు. హాళ్ళు మాట్లాడుకున్నారని విన్నాను. అవి మీకోసం ఆగవు.”

కూతురి సినిమాకి అడ్డం పడకుండా చూడబోయి కత్తెరయ్య తనే అడ్డం పడ్డాడు. చేతులు జోడించబోయాడు. కూతురు లేచి ఆ చేతులు పట్టుకుని కిందకి దించింది.

“నాన్నా, దిష్టిచుక్క ఎలాంటి పిల్లకి పెడతారు?”

అందరి ముందూ ఈ ప్రశ్న ఏమిటో ఆయనకి అర్థం కాలేదు. “ముద్దొచ్చే పిల్లకి.”

“పెట్టి ఏం చేస్తారు?”

“ఏముందీ, ఎత్తుకుని తిప్పుతారు. అందరికీ చూపిస్తారు.”

“చూపిస్తారు కదా, దాచరుగా! నువ్వు అమ్మ సీనుని ఆ రక్తం వెనక దాచావు నాన్నా. ఎవరూ చూడకుండా జారిపోతే చాలనుకున్నావు. దాచుకోవాల్సిన పని ఏం చేసింది అమ్మ?”

తిట్టింది కూతురే, తిట్టు తగిలింది తనకే, అయినా కత్తెరయ్యకి ఛాతీ ఉబ్బిపోతోంది. ఇన్నేళ్ళలో ఎంతమంది డైరెక్టర్లని చూశాడు! గడ్డాలు పెంచినవాళ్ళు, బంగారు గడియారాలు పెట్టినవాళ్ళు, అందరూ ఈ గదిలోకి వచ్చేసరికి పిల్లులైపోయినవాళ్ళే. తన పిల్ల ఒక్కతే నిటారుగా నిలబడింది. ఆ వెన్నెముక తన వైపునుంచి రాలేదని ఆయనకి బాగా తెలుసు. బస్సు నడిపిన వైపునుంచి వచ్చింది.

ఆమె బల్లవైపు తిరిగింది. “మా నాన్న చేసింది తప్పే. సినిమా నాది గనక క్షమాపణ కూడా నాదే. ఆ గొడవ షాటు నా అంతట నేనే తీసేస్తానని రాసిస్తాను. తీసేశాక మళ్ళీ మీరు చూసుకోండి. తిప్పి పంపుతానంటే పంపండి, వరసలో నిలబడతాను. పాల సీను మాత్రం తియ్యను.”

ఆఫీసరు కళ్ళజోడు మళ్ళీ నుదుటి మీదకి తోశాడు. మొహంలో మొదటిసారి నవ్వు లాంటిది కనిపించింది. “ఉంచండి బాబోయ్ అని ఏడ్చినవాళ్ళని చూశాను. మేం వదిలేసినదాన్ని తీసేస్తాం అన్నవాళ్ళని చూడలేదు. సరే, కూర్చోండి. తిప్పి పంపను. రాసివ్వండి.”

డాక్టరు కాగితం జరిపింది, కూతురు రాసి సంతకం పెట్టింది. చుక్క చెరిగిపోయింది. ఇక మిగిలింది పిల్ల.

“ఇప్పుడు చెప్పమ్మా,” అన్నాడు లెక్చరరు. కోపం ఇంకా చల్లారలేదు గాని మర్యాద తప్పలేదు. “ఆ సీనులో అసభ్యత ఉందని నేను రాయలేదు. బిడ్డ మొహం కూడా సరిగ్గా కనపడదు. నా బాధ వేరే. బస్సునిండా జనం, ఎవరి పనులు వాళ్ళకుంటాయి. జీతం తీసుకునే మనిషి డ్యూటీలో బస్సు ఆపేసి ఇలా కూర్చోవచ్చా? హాల్లో పిల్లలు ఇదేంటని అడిగితే పెద్దవాళ్ళు ఏం చెప్తారు?”

“పాపకి ఆకలేసింది, అమ్మ పెట్టింది అని చెప్తారండి.”

డాక్టరు బల్ల మీద చెయ్యి వేసింది. “రోజూ నా గదిలో నేను చెప్పేది ఇదే మాస్టారూ. చెప్పి చెప్పి గొంతు పోతోంది.”

“మీరు డాక్టరు, మీకు అలాగే ఉంటుంది. అసలు ఇది నమ్మేలా ఉందా? ఏ డ్రైవరైనా చేస్తుందా ఇలా? కథకోసం అల్లింది కాదూ?”

“అల్లలేదండి. జరిగింది,” అంది కూతురు. “మా అమ్మ చేసింది.”

ఆఫీసరు ముందుకి వంగాడు. “మీ అమ్మగారా? ఉన్నారా ఆవిడ?”

“కింద క్యాంటీన్లో ఉందండి. టీ ఇలాగేనా పెట్టేదని వాళ్ళకి క్లాసు పీకుతూ ఉంటుంది ఈపాటికి.”

“ఈ సీను ఉందని ఆవిడకి తెలుసా?”

ఆ ప్రశ్నకి తండ్రీకూతుళ్ళిద్దరూ ఒకేసారి తలలు వంచుకున్నారు.

“బతికున్న మనిషికి జరిగినదాన్ని తెరకెక్కించినప్పుడు ఆ మనిషి ఒప్పుకోలు కావాలమ్మా,” అన్నాడు ఆఫీసరు. “ఆవిడని పిలవండి, ఆ సీను ఒక్కటీ మళ్ళీ వేయిస్తాను. చూసి, ఒప్పుకుంటున్నానని సంతకం పెడితే, ఇద్దరటూ ఇద్దరిటూ ఉన్న ఈ తక్కెడలో నా ఓటు మీకు వేస్తాను. మనవళ్ళతో మనవరాళ్ళతో అందరూ చూడొచ్చు. ఆవిడ వద్దంటే మాత్రం, నేనూ వద్దనే అంటాను.”

అటెండరు కిందకి పరిగెత్తాడు. కూతురి మొహం వెలిగిపోయింది. అమ్మ ఎందుకు వద్దంటుంది? కత్తెరయ్య భయం ఆయనకుంది.

బస్సు ఆపిన రోజు జరిగింది ఆయన కళ్ళారా చూడలేదు. ఒక పెద్ద హీరో సినిమా విడుదల ముంగిట్లో, ఎడిటింగ్ గదిలో గడ్డం పెరిగి కూర్చున్నాడు. ఇంటికొచ్చేసరికి డ్రైవరమ్మ సస్పెండై ఉంది. డిపోలో తోటివాళ్ళు చెప్పగా విన్నాడు: చంటిదైన కూతుర్ని డ్యూటీకి తీసుకొచ్చిందట, నడిదారిలో బస్సు ఆపి పాలిచ్చిందట, ఎవరో పెద్దమనిషి ఫిర్యాదు చేశాడట. ఆవిడ ఆ విషయం ఎత్తలేదు, ఆయన అడగలేదు. ఒక్క ఫ్రేము తేడా వస్తే చప్పున పట్టేసే మనిషి, ఇంట్లో సంగతి దగ్గరకొచ్చేసరికి విన్నది చాల్లే అనుకున్నాడు. అదే కథ కూతురికి చెప్పాడు. కూతురు అదే సినిమా తీసింది.

తలుపు తెరుచుకుంది. డ్రైవరమ్మ వచ్చింది. రిటైరై ఇన్నాళ్ళయినా ఆవిడ నడిస్తే ముందున్నవాళ్ళు తెలియకుండానే పక్కకి జరుగుతారు.

“నమస్కారం అందరికీ. క్యాంటీనువాడికి టీ ఎలా మరగబెట్టాలో చెప్పొచ్చాను, ఇకమీదట మీకు మంచి టీ దొరుకుతుంది,” అంటూ వచ్చి ముందువరసలో కూర్చుంది. “ఏవండీ, మీ మొహమేంటి అలా ఉంది? ఏం చేశారు?”

“తర్వాత చెప్తాలే. ముందు సినిమా చూడు,” అన్నాడు కత్తెరయ్య నీరసంగా.

దీపాలు ఆరాయి. తెరమీద బస్సు వచ్చింది.

కత్తెరయ్య తెర చూడలేదు, భార్యని చూశాడు. బిడ్డ ఏడుపు మొదలవగానే ఆవిడ వీపు కుర్చీకి దూరంగా జరిగింది. తెరమీద బస్సు రోడ్డు వారకి తిరిగేసరికి కుడికాలు చెప్పులోంచి బయటికొచ్చి నేలని నొక్కింది. ఎడమచెయ్యి అక్కడ లేని హ్యాండ్‌బ్రేకుని లాగింది. ఇంజను ఆగిపోయాక థియేటర్లో ఊపిరి చప్పుడు కూడా లేదు. తెరమీది మొహం మీద పడ్డ వెలుగు ముందువరసలో ఉన్న మొహం మీద కూడా పడుతోంది. ఆ రెండు మొహాలనీ ఒక్క ఫ్రేములో ఇరికించగలిగితే ఎంత బావుండును అనిపించింది ఆయనకి. తన చేతిమీదుగా పోయిన ఫిల్ములన్నిటిలోకీ ఇంత గొప్ప షాటు లేదు.

దీపాలు వెలిగాయి. డ్రైవరమ్మ కళ్ళు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు.

“ఎవరు రాశారిది?”

“నేనేనమ్మా,” అంది కూతురు.

“కూర్చింది మీరేనా?”

కత్తెరయ్య తలూపాడు.

“ఇంజను ఆగాక ఆ నిశ్శబ్దం... అచ్చం అలాగే ఉండిందండీ ఆ రోజు. మీరు అక్కడ లేకుండానే ఎలా పట్టుకున్నారో!” అంది. ఆయన పనిని ఆవిడ అలా మెచ్చుకోవడం పెళ్ళయ్యాక అదే మొదలు. ఆయన ముక్కు ఎగబీల్చి పైకప్పు చూశాడు.

ఆవిడ బల్లవైపు తిరిగింది. “దీన్ని తీసెయ్యమన్నది ఎవరు?”

లెక్చరరు గొంతు సవరించుకున్నాడు. “నేనేనమ్మా. తప్పుగా అనుకోకండి, డ్యూటీలో ఉండి అలా...”

“తప్పుగా అనుకోవడం ఏముంది బాబూ! ఆ రోజు డిపో మేనేజరు కూడా ఇదే మాటన్నాడు. మీ మాట నాకు కొత్త కాదు, నా మాటే మీకు కొత్త. వినండి. బస్సు ఆపాను. ఆపినందుకు సస్పెండయ్యాను. తప్పయిందని ఒక్క ముక్క రాసిస్తే వదిలేస్తామన్నారు, రాయలేదు. ఇంట్లో కూర్చున్నాను గాని తల దించుకోలేదు. మళ్ళీ వాళ్ళే పిలిచి స్టీరింగు చేతికిచ్చారు. ఇప్పుడు ఇది తీసేస్తే, అప్పుడు రాయని తప్పు ఇవాళ రాసిచ్చినట్టే. ఉండాల్సిందే. నా మనవరాలు చూడాల్సిందే.”

లెక్చరరు తన ముందు బోర్లించి ఉన్న కాగితాన్ని తిప్పి, ఏదో కొట్టేసి, కింద ఇంకేదో రాశాడు. రాసింది డాక్టరుకి కనపడేలా పక్కకి జరిపాడు. డాక్టరు చదివి నవ్వింది.

“నా ఓటుతో కూడా పని లేదన్నమాట,” అన్నాడు ఆఫీసరు. ఒప్పుకోలు కాగితం డ్రైవరమ్మ ముందు పెట్టి, తన పెన్ను మూత తీసి ఇచ్చాడు. “ఇక్కడ అమ్మా. ఇది మీ జీవితంలో జరిగింది జరిగినట్టుగా ఉందని, మీకు అభ్యంతరం లేదని.”

కూతురు తండ్రి చెయ్యి పట్టుకుంది. ఇద్దరి కళ్ళముందూ మొదటి ఆట కనిపించింది, ముందువరసలో ఒళ్ళో మనవరాలితో డ్రైవరమ్మ కనిపించింది.

డ్రైవరమ్మ పెన్ను తీసుకుంది. కాగితం మీద ఆనించింది. ఆనించిన చెయ్యి కదల్లేదు.

“జరిగింది జరిగినట్టుగా అనేగా మీరన్నది?”

“అవునమ్మా.”

ఆవిడ పెన్ను బల్ల మీద పెట్టేసింది.

“అయితే సంతకం పెట్టలేను బాబూ. అబద్ధానికి నేనెప్పుడూ సంతకం పెట్టలేదు.”

“అమ్మా!” అంది కూతురు. “ఇప్పుడేగా అచ్చం అలాగే ఉందన్నావు!”

“బస్సు నిజమే. ఆపడం నిజమే. పాలివ్వడమూ నిజమే.” డ్రైవరమ్మ కూతురి చెంప నిమిరింది. ఆవిడ గొంతులో పశ్చాత్తాపం లేదు, బెదురు లేదు. ఇన్నేళ్ళుగా మోసిన బరువుని దించే చోటు దొరికినప్పటి నిబ్బరం మాత్రమే ఉంది. “ఆ రోజు నువ్వు ఇంట్లో, మీ అత్తయ్య పక్కలో బొజ్జనిండా తాగి నిద్రపోతున్నావే. నా ఒళ్ళో ఉన్నది నువ్వు కాదు.”